కాంపౌండరు మౌత్ ఆర్గాన్‌కు నేను ఎంచిన మైకు

సౌండ్ పనిలోకి కొత్తగా వచ్చిన వాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేస్తుంటారు. పనిలోంచి తప్పుకున్న మనిషిని కదా, తీరిగ్గా ఉంటానని వాళ్ళ నమ్మకం. అందరూ అడిగేది ఒకటే: "ఏ మైకు కొనమంటారు సార్?" నేను వెంటనే జవాబు చెప్పను. ఎవరికి, ఏ వాయిద్యానికి, ఎలాంటి చోట అని ఎదురు ప్రశ్నలు వేస్తాను. పెద్దాయన ఎంత లోతుగా ఆలోచిస్తాడో అని వాళ్ళు అనుకుంటారు. లోతూ లేదు, పాడూ లేదు. అది భయం. ఒక మౌత్ ఆర్గాన్ వాయించే మనిషికి మైకు ఎంచబోయి నేను చేసిన నిర్వాకం తర్వాత పట్టుకున్న భయం. మీకు పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను.

నెల్లూరులో ఒక ఆర్కెస్ట్రాకు పాతికేళ్ళ పైన సౌండ్ చూశాను. సంగం నుంచి సముద్రపొడ్డు దాకా మేం మైకు పెట్టని ఊరు లేదు. మా ఓనరుకు పైపుల దుకాణం ఉంది. దుకాణం ఆయనే నడుపుతాడు, ఆర్కెస్ట్రాలో ముఖ్య గాయకుడూ ఆయనే. శ్రుతి ఒక దారిన పోతుంటే ఆయన పక్క సందులో నడుస్తుంటాడు. ఆ రెండింటినీ కలిపి జనానికి వినిపించేది నేను. ఎకో కాస్త ఎక్కువ వేస్తే ఎంత తప్పు శ్రుతైనా గుళ్ళో పాడినట్టుంటుంది. ఆ రహస్యం మా ఇద్దరికే తెలుసు గనక ఆయన నన్ను "అన్నా, అన్నా" అని నెత్తిన పెట్టుకునేవాడు. నేనూ ఆ నెత్తి మీదే హాయిగా కూర్చునేవాణ్ణి.

మా మౌత్ ఆర్గాన్ ఆయన కోవూరు దగ్గర ఒక పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. నాకంటే అయిదేళ్ళు పెద్ద. పొద్దున గేదెలకు సూదులు వేసి, సాయంత్రం చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని ప్రోగ్రాముకు వచ్చేవాడు. పాటల మధ్యలో వచ్చే చిన్న చిన్న బిట్లు ఆయనవి. అవి తప్ప ఆయనకు వేరే పని ఉండేది కాదు, వేరే పని అడిగేవాడూ కాదు. ఆయన సరంజామా చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండేది. పాత మైకు సెట్లలో చేత్తో పట్టుకునే బొండాం లాంటి మైకు ఒకటి, దాని చుట్టూ సైకిల్ ట్యూబు రబ్బరు. ఎప్పుడో మూతపడ్డ టూరింగ్ టాకీసు సామాన్లలోంచి తెచ్చుకున్న చిన్న వాల్వు ఆంప్లిఫయరు, దానికే బిగించిన జానెడు స్పీకరు. మైకునూ మౌత్ ఆర్గాన్‌నూ కలిపి రెండు చేతుల్లో గాలి చొరబడకుండా మూసి పట్టుకుని ఊదేవాడు. వేళ్ళు కాస్త తెరిస్తే స్వరం విచ్చుకునేది, మూస్తే ముద్దయ్యేది. అంచుల్లో కొంచెం జీర వచ్చేది. ఆ జీర కోసమే జనం తల తిప్పి చూసేవాళ్ళు. అది ఆ పెట్టెలో ఉన్న లోపమని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఇంతలో ఓనరు కొత్త సౌండ్ సిస్టం కొన్నాడు. ఎంచింది నేనే. చెన్నై షాపులో ఒక కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, నన్ను "ఇంజనీర్ సార్" అన్నారు. నేను చదివింది పదో తరగతి. ఆ పిలుపు విన్నాక ఆ షాపువాడు ఏం చూపిస్తే అది కొనేశాం. తాకితే వెలిగే మిక్సరు, మనిషెత్తు స్పీకర్లు, వాటితో పాటు ఒక కండెన్సర్ మైకు. ఆ మైకు పెట్టెలో మెత్తటి స్పాంజిలో పడుకుని ఉండేది. దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాణ్ణి. చీమ నడిచినా పట్టేస్తుందని షాపువాడు చెప్పాడు. మా ప్రోగ్రాముల్లో చీమల నడక ఎవరికి కావాలో అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొదటి రిహార్సల్‌లోనే కాంపౌండరు పెట్టె మీద వేటు వేశాను.

"అన్నా, ఇంక ఈ ఎలుకల బోను స్టేజీ మీదకు వద్దు. నీకు కొత్త మైకు పెడతా. నీ ఊపిరి కూడా వినపడుద్ది" అన్నాను.

"ఊపిరి ఎందుకు తమ్ముడూ, పాట వినపడితే చాలదా?" అన్నాడు.

నేను నవ్వాను. ఇంజనీరును కదా.

మూడు ఆదివారాలు ఆయన మీద ప్రయోగాలు చేశాను. మొదటి ఆదివారం కండెన్సర్ మైకును స్టాండుకు బిగించి, రెండు బెత్తల దూరంలో నిలబడి ఊదమన్నాను. చేతులు అడ్డం పెట్టవద్దన్నాను. అది నిజంగానే అన్నీ వినిపించింది. ఆయన గుటక, పక్క గదిలో ఫ్యాను కిర్రు, వీధి అవతల ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. వీటన్నిటి వెనక ఎక్కడో సన్నగా మౌత్ ఆర్గాన్. రెండో ఆదివారం చొక్కాకు పెట్టుకునే చిన్న మైకును మౌత్ ఆర్గాన్‌కే అంటించాను. ఆయన మీసం దానికి తగిలి, పొరకతో వాకిలి ఊడ్చినట్టు వినపడింది. మీసం తీసేయమని అడుగుదామా అని కూడా ఒక క్షణం ఆలోచించాను. మూడో ఆదివారం గిటారు వాయించే అతని ఆంప్లిఫయరుకు కలిపాను. సూది పెట్టి చెవిలో గుచ్చినట్టు వచ్చింది. మా గాయని రెండు చెవులూ మూసుకుని బయటకు వెళ్ళింది.

అప్పుడు కాంపౌండరు తన సంచీలోంచి ఆ బొండాం మైకు తీశాడు.

"నా పెట్టె వద్దులే తమ్ముడూ. ఈ మైకునన్నా నీ మిక్సరుకు కలిపి చూడు."

ఇక్కడ మీకు ఒక్క సాంకేతిక విషయం చెప్పాలి, ఎందుకంటే నా తప్పు అందులోనే ఉంది. అలాంటి పాత మైకును తీసుకెళ్ళి ఏ సాకెట్‌లో పడితే ఆ సాకెట్‌లో గుచ్చితే పలకదు. దానికి సరిపడే ఇన్‌పుట్ కావాలి. ఆయన వాల్వు పెట్టెలో అది ఉంది. నా మెరిసే మిక్సరులో లేదు. మధ్యలో పెట్టే చిన్న సామాను ఒకటి ఉంటే పని జరిగేది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా నేరుగా గుచ్చాను. డొక్కు రేడియోలోంచి దోమ పాడినట్టు వచ్చింది.

"చూసినావా? నీ మైకు చచ్చిపోయింది" అన్నాను అందరూ వినేట్టు.

ఆయన వైరు జాగ్రత్తగా చుట్టి మైకును సంచీలో పెట్టుకున్నాడు.

ఆ రోజు రిహార్సల్ అయ్యాక ఓనరు నన్ను పక్కకు పిలిచాడు. "ఏందన్నా, ఇంత ఖర్చు పెట్టి సిస్టం తెస్తే ఆయన ఊదేది బాగా రావట్లేదే?"

మైకు ఎంపిక తప్పని ఒప్పుకుంటే, ఎంచినవాడు తప్పు. కాబట్టి నేను గొంతు తగ్గించి, ఎంతో బాధపడుతున్న మొహం పెట్టి అన్నాను: "సిస్టంలో లోపం లేదబ్బా. పెద్దాయన కదా, ఊపిరి తగ్గింది."

ఓనరు ఆలోచించాడు. ఆలోచించడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టదు. "కీబోర్డులో మౌత్ ఆర్గాన్ బటన్ ఉండాది గదా, అది నొక్కుదాం. వచ్చే ప్రోగ్రాముకు మాత్రం ఆయన ఉండాల. జువ్వలదిన్నె వాళ్ళు ఆ ఊదే ఆయన వస్తేనే రండి అన్నారు. అది అయినాక చెప్పేద్దాం."

ఒక మనిషిని ఇరవై ఏళ్ళ పనిలోంచి తీసేయడం అంత తేలిక. ఒకడు ఊపిరి తగ్గిందంటాడు, ఇంకొకడు బటన్ ఉందంటాడు.

జువ్వలదిన్నె సముద్రపొడ్డున జాలర్ల ఊరు. అక్కడి ప్రోగ్రాం చేపల వేట నిషేధం ముగిసే ముందు రోజు. మర్నాడు తెల్లవారే పడవలన్నీ మళ్ళీ సముద్రంలోకి దిగుతాయి. రేవులో పడవలకు కొత్త రంగులు, పసుపు కుంకుమలు. రెండు నెలలు ఒడ్డున కూర్చున్న మనుషుల ఉషారు చూడాలి. సాయంత్రం నాలుగింటికే మొదలు పెట్టమన్నారు, చీకటి పడితే వాళ్ళు వలలూ ఐసూ సర్దుకోవాలి. స్టేజీకి ఒక పక్క చేపల వేలం జరిగే షెడ్డు. ఆ ఊళ్ళో పాట అంటే ముందుగా గుర్తొచ్చేది వేలంపాటే. ఆ పాట పాడే ఆవిడను అందరూ అక్కా అంటారు. మమ్మల్ని పిలిపించింది ఆవిడే. కిందటి ఏడాది మా ప్రోగ్రాం ఎక్కడో విన్నదట.

"ఆ ఊదే సామి వచ్చినాడా?" అని మా వ్యాను ఆగీ ఆగగానే అడిగింది. ఓనరు తన సిల్కు చొక్కా సర్దుకుంటూ తనను అడిగిందనుకుని చెయ్యి ఊపాడు.

సముద్రం మీది గాలి స్టేజీని ఊపేస్తోంది. ఆ గాలిలో కండెన్సర్ మైకు పెట్టడం ఎంత తెలివితక్కువో పనిలో ఆరు నెలలున్నవాడికైనా తెలుస్తుంది. నేను దానికి స్పాంజి టోపీ తొడిగి, వాల్యూం పెంచి, ఆయన కాళ్ళ ముందు ఒక స్పీకరు కూడా పెట్టాను, తన పాట తనకు వినపడాలని. ఆయన పేరు పిలిచారు. మొదటిసారి ఒక పాట మొత్తం ఆయన ఒక్కడే వాయించాలి. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. మైకు ముందు నిలబడి దండం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

పాటలో మొదటి రెండు వరసలు మైకుకు దూరం నుంచే ఊదాడు. గాలి వాటిని సగం తినేసింది. వెనక నుంచి "వినపడలా" అని అరిచారు. నేను వాల్యూం ఇంకా పెంచాను. ఆయనకు కంగారు పుట్టింది. కంగారులో మనిషికి అలవాటే దిక్కు. రెండు చేతులూ ఎత్తి మైకును మౌత్ ఆర్గాన్‌తో కలిపి మూసేశాడు. అలాంటి మైకుకు పక్కల్లో ఉండే సందులు మూస్తే అది ఎటు నుంచి వచ్చే శబ్దాన్నయినా పట్టేస్తుంది, కాళ్ళ దగ్గరి స్పీకరు శబ్దంతో సహా. కూత మొదలైంది. అలాంటి కూత నా జీవితంలో వినలేదు. ముందు వరసలో పసిబిడ్డలు ఏడ్చారు. రేవులో కుక్కలు మొరిగాయి. ఆయన చేతులు తీసేశాడు, అయినా ఆగలేదు. నేను చేతికి తగిలిన మీటలన్నీ కిందికి లాగాను.

ఓనరు కీబోర్డు వైపు సైగ చేశాడు. అప్పుడు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. కీబోర్డతను బటన్ నొక్కి వాయించడం మొదలు పెట్టాడు, దాని మీట ఒకటి నేను పైకి తోశాను. కాంపౌండరు మౌత్ ఆర్గాన్‌ను చేతిలో కిందికి దించి నిలబడి ఉన్నాడు. స్పీకర్లలో మాత్రం మౌత్ ఆర్గాన్ చక్కగా మోగుతోంది.

"ఓయ్, ఆయన ఊదడం లేదే! ఎట్టా వస్తా ఉండాది?" అని ఒక ఆడమనిషి గట్టిగా అంది.

జనం పగలబడి నవ్వారు. తప్పు నాది, బటన్ ఇంకొకరిది, నవ్వులు మాత్రం ఆయనకు. ఆయన మళ్ళీ దండం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఎటు వెళ్ళాడో నేను చూడలేదు. చూసే మొహం లేదు. ఆ కంగారులో జెనరేటరు దగ్గర ఏదో వైరు వదులై నా సిస్టం మొత్తం ఆరిపోయింది. కొత్త సిస్టం, తాకితే వెలిగేది, ఎక్కడ తాకినా వెలగలేదు.

నేను వైర్ల మధ్య మోకాళ్ళ మీద ఉన్నప్పుడు వినపడింది. వేలం షెడ్డు పైన రేవు వైపు తిప్పిన రెండు పాత హారన్ల నుంచి. ముద్దగా, జీరగా, గాలిని తోసుకుంటూ. ఆ హారన్లలోంచి ఆ ఊరు రోజూ వినేది వంజరం ఎంత, రొయ్య ఎంత అన్న మాటలే. వాటిలోంచి పాట వస్తోంది.

తర్వాత వేలం అక్క చెప్పింది. ఆయన షెడ్డులోకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడట. ఈవిడ మంచినీళ్ళు ఇచ్చిందట. వేలానికి వాడే చేతి మైకు ఆయన కళ్ళబడింది. "అక్కా, ఇది ఒకసారి చూడొచ్చా?" అన్నాడట. "చూడు సామీ. కింద మీట ఉండాది, నొక్కి పట్టుకుంటేనే పలుకుద్ది" అని ఇచ్చిందట. వెనక షెడ్డు కరెంటు మీదే నడిచే నాలుగు వాల్వుల పాత ఆంప్లిఫయరు, ఎవరూ మార్చాలనుకోనిది. ఆయన వాల్యూం సగానికి తగ్గించి, రెండు చేతులూ మూసి, ఊదాడు. షెడ్డు లోపల మైకు, హారన్లు బయట సముద్రానికేసి. కూత రావడానికి దారే లేదు. మౌత్ ఆర్గాన్‌కు ఏం కావాలో ఆ షెడ్డులో అన్నీ ఉన్నాయి. నేను చెన్నై దాకా వెళ్ళి, కాఫీ తాగి, అవి తప్ప అన్నీ కొనుక్కొచ్చాను.

జనం ఒక్కొక్కరే కుర్చీలు తిప్పారు. తర్వాత కుర్చీలు వదిలి లేచి వెళ్ళారు. ఒక పాత పాట అయింది. ఆ తర్వాత పడవను ఒడ్డుకు లాగేటప్పుడు అందరూ కలిసి అందుకునే వరస ఎత్తుకున్నాడు. మగవాళ్ళు అందుకున్నారు, వెనక ఆడవాళ్ళు. నేను లేచి నిలబడేసరికి నా మనిషెత్తు స్పీకర్ల ముందు ఖాళీ కుర్చీలున్నాయి. మా ఓనరు ఒక్కడే స్టేజీ మీద, పలకని మైకు పట్టుకుని, సిల్కు చొక్కాలో గాలి నిండి ఉబ్బి ఉన్నాడు.

ఆయన మాత్రం తక్కువవాడా? నేను జెనరేటరు వైరు బిగించాక మైకులో ప్రకటించాడు: "ఇది మా ఆర్కెస్ట్రా మీ కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన సౌండ్!" సంఘం పెద్దలు నమ్మారో, మర్యాదకు నమ్మినట్టున్నారో, ఏర్పాటు చేసిన వారికి అంటూ ఒక శాలువా తెచ్చి నా భుజం మీద కప్పారు. నేను కప్పించుకున్నాను. ఇది నాది కాదు అనడానికి ఎంత సేపు పడుతుంది? దాన్ని జారకుండా సర్దుకున్నాను. షెడ్డు గుమ్మంలో నిలబడి కాంపౌండరు కూడా చప్పట్లు కొట్టాడు. వెటకారంగా కొట్టి ఉంటే బాగుండేది. మామూలుగా కొట్టాడు.

మర్నాడు ఆయన ఆసుపత్రికి వెళ్ళాను. ఒక గేదెకు గొట్టంతో మందు తాగిస్తున్నాడు. నన్ను గేదె తల పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. ఆ స్థితిలో క్షమాపణ చెప్పడం కష్టం, కానీ తప్పించుకోవడం కూడా కష్టమే.

"అన్నా, నా మైకు..." అని మొదలు పెట్టాను.

"మైకు మంచిదే తమ్ముడూ. మందు మంచిదే. గేదెకు పోసేది కోడికి పోస్తివి, అంతే."

"అది కాదన్నా. నీ పాత మైకు చావలేదు. తప్పు సాకెట్‌లో గుచ్చినా. తెలిసే గుచ్చినా. నీకు ఊపిరి తగ్గిందని ఓనరుతో చెప్పింది కూడా నేనే."

ఆయన మందు పోయడం ఆపలేదు. అంతా అయ్యాక గొట్టం కడిగి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు.

"నాకు చెప్తే ఏం లాభం? నా ఊపిరి సంగతి నాకు తెలుసు. అక్కడ అందరి ముందరా అంటివి గదా, అక్కడే చెప్పు."

"చెప్తా. నువ్వు నీ పెట్టె తీసుకుని రా."

ఆదివారం పెట్టెతో వచ్చాడు. నేను ఎవరినీ అడక్కుండా దాన్ని ఆయన పక్కన స్టూలు మీద పెట్టి, దాని స్పీకరు ముందు మా దగ్గరుండే మామూలు మైకు ఒకటి నిలబెట్టి మిక్సరుకు కలిపాను. పెట్టె చేసే పని పెట్టె చేస్తుంది, దాన్ని పెద్దది చేసి వినిపించడమే నా సిస్టం పని. ఆయన ఊదాడు. మనిషెత్తు స్పీకర్లు మొదటిసారి వాటి ఎత్తుకు తగ్గట్టు పలికాయి. ఓనరు నోరు తెరిచాడు. "ఇంతేనా అన్నా? ఇంత సులువా?"

"ఇంతే" అన్నాను. తర్వాత లేచి నిలబడి, మూడు ఆదివారాల కథంతా చెప్పాను. తప్పు సాకెట్, చచ్చిన మైకు, తగ్గిన ఊపిరి, చివరికి శాలువా. చెబుతున్నంతసేపూ నేల చూస్తున్నాను. ఎవరో ఒకరు తిడతారని ఎదురు చూశాను. ఎవరూ తిట్టలేదు.

"అదంతా మాకు తెలుసులే అన్నా" అంది మా గాయని.

"తెలుసా? తెలిసి ఒక్కరూ నోరు తెరవలేదే!"

ఆమె కీబోర్డతని వైపు చూసింది. అతను గిటారతని వైపు చూశాడు. చివరికి ఆమే అంది:

"ఎట్టా చెప్తామన్నా? మా వాల్యూం నీ చేతిలో గదా ఉండేది. నువ్వు అలిగితే ఆ రోజు మా గొంతు జనానికి చేరదు."

పాతికేళ్ళుగా నా పనిని ఒక్కరూ తప్పు పట్టలేదని బంధువుల దగ్గర గొప్పగా చెప్పుకున్న మనిషిని నేను. కూర్చుందామని స్టూలు కోసం చూసుకున్నాను. దాని మీద కాంపౌండరు పెట్టె ఉంది.

"నేనంటే ఆ భయం ఎంతమందికి ఉండాది? నిజం చెప్పండి" అన్నాను.

ఒక్కొక్క చెయ్యే లేచింది. గాయనిది, కీబోర్డతనిది, గిటారతనిది, డ్రమ్ములాయనది. కాంపౌండరు కూడా మౌత్ ఆర్గాన్ పట్టుకున్న చెయ్యి కాస్త పైకెత్తాడు. అందరికంటే చివర, అటూ ఇటూ చూసి, మా ఓనరు ఎత్తాడు.